సంఘం చీలకుండా చూసుకోవడం ఎలా: ఒక పాత కండక్టర్ అనుభవం

31 ఏళ్లు ఆర్టీసీలో కండక్టర్‌గా చేశాను. అందులో 14 ఏళ్లు మా ఊరి క్రైస్తవ సంఘానికి, అంటే చర్చికి, సెక్రటరీని కూడా. బస్సులో గొడవలు ఎక్కువగా చిల్లర దగ్గరే వస్తాయి. టికెట్ వెనకాల "7 ఇవ్వాలి" అని రాసిస్తాం. ఆ మనిషి దిగే స్టాపు వచ్చేసరికి మనం వెనక సీట్ల దగ్గర ఎక్కడో ఇరుక్కుని ఉంటాం. బస్సు కదిలిపోతుంది. మర్నాడు అదే మనిషి అదే బస్సు ఎక్కి 7 రూపాయలకు 70 రూపాయల మాటలంటాడు. డబ్బులు చేతిలో పెట్టినా చల్లారడు. తనను చూడకుండా బస్సు పోనిచ్చామన్నదే అతని బాధ.

సంఘంలో జరిగేదీ ఇదేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. బైబిల్ వాక్యానికి అర్థం చెప్పడంలో తేడా వచ్చి చీలిన సంఘాన్ని మా చుట్టుపక్కల నేనింతవరకూ చూడలేదు. లెక్క దగ్గర చీలాయి, పళ్లెం దగ్గర చీలాయి, పిలుపు దగ్గర చీలాయి. ఆ తర్వాత ఎవరో ఒకరు దానికొక వాక్యం వెతికి అతికించారు.

మాది కర్నూలు జిల్లా పడమటి వైపు, ఆదోనికీ కోసిగికీ మధ్య ఒక ఊరు. మా సంఘం ఏ మిషన్‌దో మాత్రం రాయను. రాస్తే కొందరు ఇక్కడితోనే చదవడం ఆపేస్తారు.

కొత్తగా కమిటీలోకి వచ్చినవాళ్ల కోసం, ముఖ్యంగా సెక్రటరీ, కోశాధికారి పనులు నెత్తినేసుకున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. 133వ కీర్తన చదవని ఐక్య కూడిక నేను చూడలేదు. "సహోదరులు ఐక్యత కలిగి నివసించుట ఎంత మేలు" అని అందరం గొంతెత్తి చదువుతాం. చదివాక సోమవారం నుంచి శనివారం దాకా ఏం చేయాలన్నదే ఇక్కడ చెప్తాను.

గోడకు అంటించిన నోటీసు

ముందు నా తప్పు చెప్పుకుంటాను. లేకపోతే మిగతాదంతా పెద్దరికం చేసినట్టుంటుంది.

కూలికి వలస పోవడాన్ని మా వైపు సుగ్గి అంటారు. పత్తి ఏరడం అయిపోయాక ఊళ్లో పని ఉండదు. గుంటూరు, పల్నాడు వైపు మిరపకోతలు మొదలవుతాయి. క్రిస్మస్, కొత్త సంవత్సరం అయిన వెంటనే ఇంటిల్లిపాదీ లారీలు, రైళ్లు ఎక్కి పోతారు. ఉగాది దాటాక కొందరు, ఈస్టర్ దాటాక కొందరు తిరిగొస్తారు. అంతదాకా ఊళ్లో ముసలివాళ్లు, సీజనల్ హాస్టల్‌లో ఉండి బడికి పోయే పిల్లలు, నాలాంటి నెలజీతం వాళ్లు ఉంటారు. మా సంఘంలో 92 ఇళ్లుంటే ఆ నెలల్లో 50 పైచిలుకు ఇళ్లకు తాళాలే.

12 ఏళ్ల కిందట ఒక ఫిబ్రవరిలో సర్వసభ్య సమావేశం పెట్టాను. కమిటీ గడువు ముగిసింది. నోటీసు పదిహేను రోజుల ముందే చర్చి గోడకు అంటించాను. కోరం సరిపోయింది. రూలు ప్రకారం నన్ను ఎవరూ వేలెత్తి చూపలేరు. కొత్త కమిటీ ఏర్పడింది. మొదటి తీర్మానమే పాత మైక్‌సెట్ అమ్మి కొత్తది కొనడం. ఆ పాత మైక్‌సెట్‌కు సగం డబ్బు అంతకుముందు ఏడాది సుగ్గి కూలీలోంచి ఇచ్చింది మేస్త్రి గుంపువాళ్లు. మేస్త్రి అంటే మా సంఘస్తుడే, మనుషులను జతచేసి కోతలకు తీసుకుపోయేవాడు.

మార్చి ఆఖరుకు వాళ్లు దిగారు. ఆదివారం చర్చికి వచ్చి చూస్తే కొత్త మైకు, కొత్త కమిటీ. ఒక్కరూ నోరు తెరవలేదు. ఆ నిశ్శబ్దం చూసి నేను "అందరికీ నచ్చింది" అనుకున్నాను. మూడో ఆదివారానికి 23 ఇళ్లవాళ్లు మేస్త్రి ఇంటి పక్కన రేకుల షెడ్‌లో విడిగా ప్రార్థన పెట్టుకున్నారు.

ఆ రాత్రి అన్నం తింటూ నా గోడు వెళ్లబోసుకుంటే మా ఆవిడ అడిగింది. "నోటీసు యాడ అంటించినావు?" చర్చి గోడకు అన్నాను. "గుంటూరు నుంచి మన చర్చి గోడ కనపడతాదా?" అంది. పప్పు గిన్నె జరిపి లేచిపోయింది.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం నేను బడిలో ఉన్నప్పటి నుంచి విన్నదే. గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు అనుదిన పరిచర్యలో చిన్నచూపు జరిగిందని సణుగుడు పుట్టింది, ఏడుగురిని ఏర్పరచుకున్నారు. ఆ ఏడుగురి పేర్లు మాత్రం అప్పుడే మొదటిసారి పట్టి చూశాను. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. ఫిర్యాదు ఏ వైపు నుంచి వచ్చిందో, వడ్డించే గరిటె ఆ వైపు చేతికే ఇచ్చినట్టు కనిపిస్తుంది. మేమేమో సుగ్గికి పోయిన ఇళ్లలోంచి ఒక్కరిని కూడా కమిటీలో పెట్టలేదు.

ముందే తెలుసుకోవడం

చీలిక రాత్రికి రాత్రి రాదు. కనీసం రెండు నెలల ముందు గుర్తులు కనపడతాయి, మనమే చూడం.

అన్నిటికంటే నమ్మకమైన గుర్తు ప్రభువు బల్ల, అంటే ఆరాధనలో రొట్టె, ద్రాక్షారసం పంచుకోవడం. ఎప్పుడూ తీసుకునే మనిషి ఒక నెల బల్లకు లేవకుండా కూర్చుంటే ఏదో సొంత కారణం అనుకోవచ్చు. రెండో నెల కూడా తల వంచుకుని అక్కడే ఉంటే ఎవరితోనో పడటం లేదని అర్థం. మన జనానికి ఆ భయం ఇంకా ఉంది. మనసులో విరోధం పెట్టుకుని బల్ల తీసుకోరు. అది మంచి భయమే. మీరు సెక్రటరీ అయితే బల్లారాధన రోజు కళ్లు మూసుకుని ప్రార్థనలో మునిగిపోకుండా ఓరగా ఒకసారి వెనక్కి చూడండి. దేవుడు క్షమిస్తాడు.

రెండో గుర్తు చెప్పులు. మా చర్చికి రెండు గుమ్మాలు. గేరి అంటే వాడ. మాలగేరి వాళ్లు తూర్పు గుమ్మంలో, మాదిగగేరి వాళ్లు దక్షిణం గుమ్మంలో చెప్పులు విడుస్తారు. ఎవరూ పెట్టిన రూలు కాదు, ఇళ్లు ఆ వైపు ఉన్నాయి కాబట్టి అలా అలవాటైంది. పిల్లలు మాత్రం ఎటు పడితే అటు విడుస్తారు. ఒక ఆదివారం పిల్లల చెప్పులు కూడా వేరుపడ్డాయంటే ఆ వారం ఇళ్లలో ఏదో మాట నడిచిందన్నమాట. రెండు గేరీలు ఒకే చర్చిలో కూర్చోవడమే మా తాతల కాలంలో పెద్ద సంగతి. కొన్ని ఊళ్లలో ఈనాటికీ గేరికొక చర్చి ఉంది. దీన్ని దాచిపెట్టి ఐక్యత గురించి మాట్లాడేవాళ్ల మాట నేను నమ్మను.

ఇంటికి పోవడం

మత్తయి సువార్త 18వ అధ్యాయం 15వ వచనంలో పద్ధతి ఉంది. నీవును అతడును ఒంటరిగా ఉన్నప్పుడు మాట్లాడు. వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని పో. అప్పుడూ వినకపోతే సంఘానికి చెప్పు. మా సంఘాల్లో ఈ వరుస తిరగబడుతుంది. ముందు ఆదివారం మైకులో పేరు చెప్పకుండా చురక అంటిస్తారు, తర్వాత ఇద్దరు ముగ్గురు చెట్టు కింద మాట్లాడుకుంటారు, అసలు మనిషి దగ్గరికి చివరికి పోతారు, లేదా అసలే పోరు. ఆ వాక్యం తప్పు చేసినవాడి దగ్గరికి పొమ్మంటుంది. తప్పు మనదే అయితే మత్తయి 5వ అధ్యాయం 23, 24 వచనాలు. అర్పణం బలిపీఠం దగ్గర వదిలేసి మరీ పొమ్మంటాయి. ఎటు చూసినా నడవాల్సింది మనమే.

నేను నాలుగు వారాలు తాత్సారం చేసి ఒక బుధవారం రాత్రి ఎనిమిదిన్నరకు పోయాను. ఒక్కడినే. బైబిల్ చంకలో పెట్టుకోలేదు. చంకలో బైబిల్ చూస్తే ఎదుటి మనిషి ప్రసంగానికి సిద్ధపడి చేతులు కట్టుకుంటాడు. లెక్కల పుస్తకం కూడా మొదటిరోజు వద్దు.

మేస్త్రి ఇంటి వసారాలో బల్బు కింద ఎండుమిరపకాయల కుప్ప ఉంది. కోతల నుంచి వచ్చేటప్పుడు తెచ్చుకున్నవి. వాళ్లమ్మ, భార్య తొడిమలు తీస్తున్నారు. మేస్త్రి మంచం మీద ఉన్నాడు.

"ఏం కండక్టరన్నా, దారి తప్పినావా?"

"లేదప్పా, మీ ఇంటికే వచ్చినా."

కూర్చోమనలేదు. నేనే కింద కూర్చుని గుప్పెడు కాయలు ముందుకు లాక్కున్నాను. తొడిమ తీయడంలో ఒక ఒడుపుంది. కాయను తొడిమకు దగ్గరగా పట్టుకుని బొటనవేలితో పక్కకు విరవాలి. లాగితే కాయ చీలి గింజలు రాలిపోతాయి. నాకు తెలియక లాగుతున్నాను. మేస్త్రి తల్లి కాసేపు చూసి, "అట్ల కాదు నాయనా, గింజలన్నీ పోతాండాయి" అని నా చేతిలో కాయ తీసుకుని చూపించింది. ఆ ఇంట్లో ఆ రోజు నాతో దెప్పకుండా ఆడిన మొదటి మాట అది.

అరగంట గడిచింది. చేతులు మండుతున్నాయి, గొంతులో ఘాటు. అలవాటు చొప్పున కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాను. ఇంకేముంది, రెండు కళ్లా ధారలు. మేస్త్రి భార్య చెంబుతో నీళ్లు తెచ్చింది. మేస్త్రి మంచం దిగి నా పక్కన కూర్చున్నాడు. "ఊరుకో అన్నా, అయిందేదో అయిపాయ" అన్నాడు. పశ్చాత్తాపంతో ఏడుస్తున్నాననుకున్నాడు. అందులో ముప్పావు వంతు మిరపకాయే. నేను కాదనలేదు.

అప్పుడు అన్నాను. "మైక్‌సెట్ అమ్మేముందు నీకు ఫోన్ చేయాల్సింది. చేయలేదు. తప్పు నాదే." అంతకుమించి మాట్లాడలేదు. తప్పు ఒప్పుకునేటప్పుడు "మీకు బాధ కలిగి ఉంటే" అనకండి, కలిగిందని తెలిసే కదా వచ్చారు. "కానీ" అనే మాట ఆ రాత్రికి ఇంట్లో వదిలేసి పోండి. "కమిటీ నిర్ణయం" అంటూ కమిటీ వెనక దాక్కోకండి.

తర్వాత నోరు మూసుకుని ఉండటమే అసలు పని. మనం అనుకున్న ఫిర్యాదు వేరు, వాళ్ల మనసులో ఉన్నది వేరు. మేస్త్రి చాలాసేపటికి అన్నాడు: "మైక్ పోతే పోనీలే అన్నా. మా యమ్మ ఊర్లోనే ఉండె గదా. ప్రతి ఆదివారం ముందు వరసలో కూచుంటాది. ఆమెనన్నా ఒక మాట అడిగినారా?" అడగలేదు. 70 ఏళ్ల మనిషి కళ్ల ముందే, ఆమె కొడుకు కూలీ డబ్బుతో కొన్న వస్తువు అమ్మి, ఆమెకు చెప్పలేదు. నెల రోజులుగా నేను మైక్‌సెట్ ధర, రసీదు, తీర్మానం నంబరు అన్నీ తల్లో పెట్టుకుని తిరిగాను. ఆ రసీదుల్లో ఆమె ఎక్కడా లేదు.

రెండోసారి పోయేటప్పుడు ఒకరిని వెంట తీసుకుపోండి. ఆ మనిషి మీ వైపువాడు కాకూడదు, వాళ్లు గౌరవించేవాడై ఉండాలి. నేను మేస్త్రి బావను అడిగాను. అయ్యగారిని, అంటే పాస్టర్‌ని, మాత్రం మొదటి రెండుసార్లు తీసుకుపోవద్దు. అయ్యగారు వస్తే పెద్ద పంచాయితీ అయిపోతుంది, ఎవరూ వెనక్కి తగ్గలేరు. పైగా ఫ్యాక్షన్ చూసిన సీమ మాది. పంచాయితీ అనగానే ఇరువైపులా మనుషులను లెక్కబెట్టుకునే అలవాటు ఇంకా పోలేదు.

23 ఇళ్లలో 19 ఇళ్లు కోత పండుగ (పంట కానుకలు చర్చికి తెచ్చి వేలం వేసే పండుగ) నాటికి తిరిగొచ్చాయి. 4 ఇళ్లు రాలేదు. రేకుల షెడ్ ఇప్పుడు స్లాబ్ వేసిన మందిరం, వాళ్లకొక పాస్టర్ గారు ఉన్నారు. బైబిల్లో మార్కు అనే తోటి సేవకుణ్ణి వెంట తీసుకుపోయే విషయంలో పౌలు, బర్నబా గట్టిగానే తగువుపడి చెరొక దారిన పోయారు. చివరి రోజుల్లో అదే పౌలు మార్కును వెంటబెట్టుకుని రమ్మని తిమోతికి రాశాడు. కాబట్టి ఆ 4 ఇళ్లతో మేము పెళ్లిళ్లు, చావులు మానుకోలేదు. వాళ్ల క్రిస్మస్ కూడికకు మా గాయక బృందం పోతుంది.

లెక్క చదవడం

నెలలో మొదటి ఆదివారం, ఆశీర్వాదానికి ముందు, నాలుగు నిమిషాలు. నల్లబల్ల మీద నాలుగు అంకెలు సుద్దముక్కతో రాయండి: పోయిన నెల నిల్వ, వచ్చింది, ఖర్చు, ఇప్పుడు నిల్వ. నిల్వ బ్యాంకులో ఎంత, చేతిలో ఎంత, ఎవరి చేతిలో ఎంత అన్నది నోటితో చెప్పండి. ఏడాదికొకసారి ఆడిట్ రిపోర్టు చదివి చేతులు దులుపుకోకండి. అంత పొడుగు లెక్క ఎవరికీ గుర్తుండదు, అనుమానం మాత్రం గుర్తుంటుంది.

కానుకలు ఆ రోజే, చర్చిలోనే, ముగ్గురు లెక్కపెట్టాలి. ముగ్గురూ వేరువేరు ఇళ్లవాళ్లు, రెండు గేరీల నుంచి, అందులో ఒకరు ఆడమనిషి. డిపోలో క్యాష్ కట్టేటప్పుడు నోట్లు రకానికి రకం పేర్చి, కాగితం మీద రాసి, సంతకం పెట్టాకే కదులుతాం. తీసుకునేవాడి చేతి మీద నమ్మకం ఉన్నా అంతే చేస్తాం. "మనలో మనకు సంతకాలెందుకు అన్నా" అనేవాళ్లు ప్రతిచోటా ఉంటారు. వాళ్లు మంచివాళ్లే. సంతకం మాత్రం పెట్టించండి.

పేర్లు చదవడంలో జాగ్రత్త. ఎవరు ఎంత ఇచ్చారో మైకులో చదివితే 5,000 ఇచ్చినవాడికి ఒక గొంతు, 20 ఇచ్చిన ముసలామెకు ఒక గొంతు మనకు తెలియకుండానే వస్తుంది. కోత పండుగ వేలంలో బాకీల పేర్లయితే అసలే చదవకండి. గుమ్మడికాయను ఊపులో 1,800కి పాడి, మర్నాడు తల పట్టుకునేవాళ్లను ఏటా చూస్తాను. ఇంటికి పోయి, వాయిదాలు అడిగి తీసుకోండి.

ఫ్యాన్ల మీద పేర్లు రాయించే అలవాటు కూడా ఒకటుంది. మా చర్చిలో ఎనిమిది ఫ్యాన్లు, ప్రతి రెక్క మీదా ఎర్ర పెయింట్‌తో ఇచ్చినవాళ్ల పేరు. ఒక ఇంటివాళ్లు 20 ఏళ్లుగా తమ ఫ్యాన్ కిందే కూర్చుంటున్నారు. ఈ మధ్య రంగులు వేయించినప్పుడు పేర్లు తుడిపిద్దామన్నాం. ఏడు తుడిచాం. ఎనిమిదోది తుడవొద్దన్నారు. వదిలేశాం. దాని కోసం ఇంకొక రేకుల షెడ్ నేను చూడలేను.

పళ్లెం దగ్గర

ప్రేమవిందు, అంటే సంఘమంతా కలిసి తినే భోజనం, పెట్టి మనసులు విరగ్గొట్టుకున్న సంఘాలున్నాయి. కొరింథు సంఘంలోనూ ఇదే గొడవ. ముందొచ్చినవాళ్లు తినేస్తారు, కూలిపని ముగించుకుని వచ్చినవాళ్లకు ఏమీ మిగలదు. పౌలు వాళ్లకు పెద్ద సిద్ధాంతం చెప్పాక చివరికి చెప్పిన పని చాలా చిన్నది, ఒకరి కోసం ఒకరు ఆగండి అని.

మేము మొదట్లో ఇంటికొక సేరు బియ్యం తెమ్మన్నాం. వినడానికి బాగుంది. కొందరు సోనామసూరి తెచ్చారు, ఎక్కువమంది రేషన్ బియ్యం. ఒక ఆమె సంచి కొంగు కింద దాచుకుని వచ్చి, ఎవరూ చూడనప్పుడు గంపలో పోసిపోయింది. పైగా రెండు రకాలు కలిపి వండితే ఒకటి మెత్తబడేసరికి ఇంకొకటి పలుకు మీదే ఉంటుంది. ఆ రోజు అన్నం ఎవరికీ నోట్లోకి పోలేదు. "ఎవరి బియ్యం వల్ల" అన్న మాట కూడా పుట్టింది.

అందుకే బియ్యం, పప్పు సంఘం డబ్బుతో ఒకే కొట్లో, ఒకే రకం కొనండి. 150 మందికి 25 కిలోల బియ్యం, 5 కిలోల కందిపప్పు మాకు సరిపోతాయి. ఇళ్ల నుంచి తెమ్మనేది ఏ ఇంటి నుంచి వచ్చినా ఒకేలా కనిపించేది అయి ఉండాలి. మేము ఎర్రగడ్డలు (ఉల్లిపాయలు) తెమ్మంటాం, ఇంటికి అర కిలో. కర్నూలు జిల్లాలో ఎర్రగడ్డలకు కరువు లేదు. కుప్పలో పోశాక ఏది ఎవరిదో దేవుడికే తెలియాలి.

ఎర్రగడ్డలు తరగడం శనివారం సాయంత్రం పెట్టుకోండి. వంటమనిషికి అప్పజెప్పకండి. రెండు గేరీల ఆడవాళ్లు, మొగవాళ్లు, కాలేజీ పిల్లలు అందరూ కత్తిపీటలు తెచ్చుకుని చర్చి అరుగు మీద కూర్చుంటారు. నా అభిప్రాయంలో ఆదివారం విందు కంటే ఈ రెండు గంటలే ఎక్కువ పని చేస్తాయి. చేతుల్లో పని ఉన్నప్పుడు మనిషి ఎదుటివాడి మొహం చూడక్కర్లేదు, కాబట్టి నిజం మాట్లాడతాడు. మా సంఘంలో రెండు పెళ్లి సంబంధాలు, ఒక బావి తగవు పరిష్కారం ఆ అరుగు మీదే కుదిరాయి.

వడ్డన ఒక గేరివాళ్లే చేయకూడదు. అన్నం ఒకరు, పప్పు ఇంకొకరు, మజ్జిగ మరొకరు. కమిటీవాళ్లు ఆఖరి పంక్తిలో కూర్చోవాలి. సెక్రటరీకి మాడు అన్నం, అడుగు పప్పు వస్తే విందు బాగా జరిగినట్టే.

పాటల సంగతి చెప్పకపోతే కుర్రాళ్లు ఊరుకోరు. కీబోర్డు, ప్యాడ్స్ కావాలని వాళ్లు, తబలా, తాళాలతో పాత కీర్తనలని పెద్దవాళ్లు. ఆరాధన మొదట్లో రెండు కీర్తనలు, చివర రెండు కొత్త పాటలు అని పంచుకున్నాం. తీరని సమస్యే, దీని కోసం ఎక్కువ టెన్షన్ పడకండి. వాట్సాప్ గ్రూపులో మాత్రం ఒకటే రూలు: పుట్టినరోజులు, చావు కబురు, కూడిక టైము. మిగతావి నోటితో మాట్లాడుకోవాలి.

సుగ్గి కాలానికి మేము పెట్టుకున్న పద్ధతులు

మీ ఊళ్లో సుగ్గి ఉండకపోవచ్చు. కడప వైపు కువైట్ ఉంటుంది, అనంతపురం వైపు బెంగళూరు ఉంటుంది. ఊళ్లో లేని సభ్యులు లేని సంఘం సీమలో ఎక్కడుంది?

జనవరి నుంచి ఏప్రిల్ ఆఖరు దాకా ఎన్నికలు లేవు, అమ్మకాలు లేవు, 5,000 దాటిన ఖర్చు లేదు. తప్పనిసరి అయితే ముగ్గురు మేస్త్రీలకూ ఫోన్ చేసి, వాళ్లు ఏమన్నారో మినిట్స్‌లో రాయాలి. కమిటీ గడువు మధ్యలో ముగిసేలా ఉంటే డిసెంబరులోనే, అందరూ ఉండగా పొడిగించుకుంటాం.

క్రిస్మస్ తర్వాత ఆదివారం ఒక జాబితా రాస్తాం. ఏ ఇంట్లో ఎవరు పోతున్నారు, ఎవరు ఉంటున్నారు, తాళంచెవి ఎవరి దగ్గర, ముసలివాళ్లకు ఏ మాత్రలు, హాస్టల్‌లో ఏ పిల్లలు. పోయే ప్రతి ఇంటికీ ఉండే ఇల్లు ఒకటి జత. జత కలిపేటప్పుడు వేరే గేరి ఇల్లు చూసి కలుపుతాం. మొదటి ఏడాది మొహాలు చిట్లించారు. ఒక రాత్రి మాదిగగేరి ముసలాయనకు ఆయాసం వస్తే మాలగేరి జత ఇంటి పిల్లోడు బండి మీద ఆదోని ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు.

ఫిబ్రవరి రెండో వారం మేమిద్దరం ముగ్గురం కోతల దగ్గరికి పోతాం. గుంతకల్లులో రైలు మారి, డోన్, నంద్యాల మీదుగా నరసరావుపేటలో దిగుతాం. వెంట ఎండబెట్టిన జొన్నరొట్టెలు, శెనక్కాయల పొడి. హాస్టల్ పిల్లల చేత ఫోన్‌లో మాట్లాడించి రికార్డు చేసుకుపోతాం. చేలో టార్పాలిన్ పట్టాలు కప్పిన గుడిసెల మధ్య రాత్రి ఎనిమిదికి ప్రార్థన. చేతుల మంట వల్ల ఎవరూ చేతులు జోడించరు, ఒళ్లో వెల్లకిలా పెట్టుకుంటారు. ప్రసంగం పది నిమిషాలు చాలు, తెల్లారి నాలుగుకు లేవాలి వాళ్లు. అక్కడ కానుక పట్టకండి. పట్టాల్సి వస్తే అసలు పోకండి.

లోకమంతా సంఘాల ఐక్యత కోసం ప్రార్థన వారం జనవరి 18 నుంచి 25 దాకా జరుపుతారు. మా జనం అప్పటికే చేలల్లో ఉంటారు కాబట్టి మేము దాన్ని ఆ గుడిసెల దగ్గరే చేసుకుంటున్నాం. అక్కడ ఒకే చేలో మూడు నాలుగు ఊళ్లవాళ్లు, అన్ని మిషన్లవాళ్లూ ఉంటారు. ఎవరిది ఏ బాప్తిస్మమో అడిగే ఓపిక ఎవరికీ ఉండదు.

పక్క సంఘాలతో

ఊళ్లో ఇంకో సంఘంతో కలిసి పనిచేయాలంటే సమాధుల తోట దగ్గర మొదలుపెట్టండి. ముళ్లకంప కొట్టడం, గోడ కట్టడం, ఈస్టర్ తెల్లవారుజాము ప్రార్థన. ఎవరి సిద్ధాంతానికీ అడ్డురాదు. మార్చి మొదటి శుక్రవారం ఆడవాళ్ల ప్రపంచ ప్రార్థన దినం కూడా మంచిదే, మొగవాళ్లు వేలుపెట్టకపోతే.

ఒకే కూడికతో కలిసిపోతామని మాత్రం అనుకోకండి. 1919లో తమిళనాడులోని తరంగంబాడిలో కొందరు సేవకులు కూర్చుని దక్షిణ భారత సంఘాలు ఒకటి కావాలన్నారు. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అప్పటికే కలిసి ఉన్న దక్షిణ భారత ఐక్య సంఘంవాళ్లు మాట్లాడుకుంటూ, అలుగుతూ, మళ్లీ మాట్లాడుకుంటూ 1947 సెప్టెంబరు 27న మద్రాసులో సి.ఎస్.ఐ.గా (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఒకటయ్యారు. మధ్యలో 28 ఏళ్లు. ఆ పని మొదలుపెట్టినవాళ్లలో ముఖ్యుడు దోర్నకల్ బిషప్ అజరయ్య గారు 1945 జనవరి 1న చనిపోయారు, ఆ రోజును చూడలేదు. మన నంద్యాల వైపు ఆంగ్లికన్లలో చాలామంది అప్పుడు కలవక, కొన్ని దశాబ్దాలు విడిగా ఉండి తర్వాత వచ్చారు. మా ఎదురు సంఘంతో మేము సమాధుల తోట గోడ గురించి మాట్లాడబట్టి ఆరేళ్లయింది. మూడు వైపులా లేచింది. నాలుగో వైపు రాళ్లు ఎవరు తోలాలన్నది నడుస్తోంది.

మేస్త్రి ఇప్పుడు మా కమిటీలో ఉన్నాడు. ఈసారి గుంపు డిసెంబరు 28న బయలుదేరుతుందని నిన్న చెప్పాడు. ఇంకా 11 ఇళ్ల జాబితా రాయాలి. రెండు ఇళ్లకు జత దొరకలేదు. ఒకటి ఆ ఎనిమిదో ఫ్యాన్ వాళ్ల ఇంటితో కలుపుదామని చూస్తున్నాను.